చాప్టర్లున్న ఆడియో పాఠాలు: నాలుగేళ్లు వాడాక

హనుమకొండలో పదో తరగతి పిల్లలకు సోషల్ చెబుతాను. చాలామంది పరకాల, నర్సంపేట వైపు నుంచి బస్సుల్లో వస్తారు. దారిలో వింటారని ఆడియో పాఠాలు మొదలుపెట్టాను. మొదటి ఏడాది మామూలు ఎంపీ3లే ఇచ్చాను. పరీక్షల ముందు ఒకమ్మాయి, "సార్, రామప్ప ఇటుకల సంగతి ఎక్కడొస్తది? దానికోసం పాఠమంతా మళ్లీ వింటున్న" అంది. ఆ మాటతోనే చాప్టర్ల వైపు మళ్లాను. అంటే ఆడియోలో విషయం మారినచోట పేరుతో పెట్టే గుర్తులు; పేరు నొక్కితే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు, ఒక్కోదానికి ఫొటో కూడా పెట్టొచ్చు.

రికార్డింగ్ ఫోన్‌లోనే చేస్తాను. ఎడిటింగ్‌కు ఆడాసిటీ. ఉచితం, నా పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. వింటూ, విషయం మారినచోట కంట్రోల్, ఎం కలిపి నొక్కితే లేబుల్ పడుతుంది. 'తేలే ఇటుకలు', 'ఇసుక పునాది' అని పేర్లు పెడతాను. అయితే ఎంపీ3గా సేవ్ చేసినప్పుడు ఆ లేబుళ్లు ఫైల్లోకి ఎక్కలేదు. వాటిని టెక్స్ట్ ఫైలుగా తీసి, ఆడియోతోపాటు ఆఫోనిక్ అనే వెబ్‌సైట్‌లో ఇస్తే చాప్టర్లు చేర్చి, గొంతు హెచ్చుతగ్గులు కూడా సరిచేస్తుంది. నెలకు 2 గంటలు ఉచితం. 20 నిమిషాల పాఠాలు ఆరు చేసుకోవచ్చు, నాకు చాలు.

ఫార్మాట్ దగ్గరే బాగా ఇబ్బంది పడ్డాను. ముందు ఎం4ఏ అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌లో చేశాను. మిత్రుడి ఐఫోన్‌లో ఫొటోలు మారుతూ అందంగా కనిపించింది. పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం ఫొటోలేవీ లేకుండా వట్టి ఆడియోనే వచ్చింది. అందుకే మళ్లీ ఎంపీ3కే వచ్చాను. మోనో (ఒకే చానెల్), నాణ్యత 64 కేబీపీఎస్. 20 నిమిషాల పాఠం 10 ఎంబీ లోపే ఉంటుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఫొటోలతో జాగ్రత్త. ఎంపీ3లో అవి ఫైలు మొదట్లోనే కూర్చుంటాయి. ఒక్కోటి 4 ఎంబీ ఉన్న ఐదు ఫొటోలు పెడితే, నెట్‌లో వినేవాళ్లకు 20 ఎంబీ దిగాకే గొంతు మొదలవుతుంది. ఇప్పుడు 100 కేబీకి తగ్గించి, చూస్తేగాని అర్థంకాని చోటే పెడుతున్నాను. రామప్ప నాగిని శిల్పానికి ఫొటో కావాలి, గుడి కట్టిన 1213 అనే సంవత్సరానికి అక్కర్లేదు.

వినడానికి యాంటెనాపాడ్ అనే ఆండ్రాయిడ్ యాప్ చెబుతాను. ఉచితం, ఫోన్‌లోని ఫోల్డర్‌నే పాడ్‌కాస్ట్‌లా చూపిస్తుంది. వాట్సాప్‌లో ఫైలును డాక్యుమెంట్‌గా పంపుతాను.

లెక్కల సారు కూడా ప్రయత్నించి మానేశారు. అడుగడుగునా బోర్డు కనిపించాల్సిన పాఠానికి వీడియోనే మేలు. చరిత్రకు, తెలుగుకు మాత్రం నేను దీన్ని వదలను.