ఏడాది దాటిన జిమ్, నమ్మకం లేని చీటీ

ట్రెడ్‌మిల్లులు ఎన్ని ఉన్నాయి, బండి ఎక్కడ పెట్టుకోవాలి, ఫీజు ఎంత అన్నవి నేను రాయడం లేదు. కర్నూలులో ఇప్పుడు ఏ కాలనీకి వెళ్ళినా ఒక జిమ్ కనిపిస్తుంది, సామాన్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఒకసారి లోపలికి వెళ్ళి చూస్తే తెలిసిపోయే సంగతులకు సమీక్ష ఎందుకు? నేను రాసేది ఒక్క యంత్రం గురించి. ఏడాదికి పైగా ఈ జిమ్‌కు వెళ్తున్నాను. బరువు తగ్గాను, మోకాళ్ళు మాట వింటున్నాయి. అయినా రిసెప్షన్ పక్కన మూలగా నిలబెట్టిన ఆ యంత్రం కంటపడితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మీరు చూసే ఉంటారు. చెప్పులు విప్పి, కింద ఉన్న లోహపు పలకల మీద పాదాలు ఆనించి, రెండు చేతులా పిడులు పట్టుకుని నిలబడాలి. నిమిషం లోపే ఒక చీటీ బయటికి వస్తుంది. కొవ్వు ఇంత శాతం, కండ ఇన్ని కిలోలు, నీరు ఇంత, ఎముక ఇంత, పొట్ట లోపలి కొవ్వుకు ఒక అంకె. అన్నిటికీ కింద 'శరీర వయసు'. చేరిన రోజు నా అసలు వయసు కంటే పదేళ్ళు ఎక్కువ వేసి ఇచ్చింది. ఆ చీటీ చూపించే నాచేత ఏడాది ప్యాకేజీ కట్టించారు.

ముందు మంచి చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. నేను హైస్కూలులో భౌతికశాస్త్రం చెబుతాను. తరగతి గదులు పై అంతస్తులో. మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకునే స్థితికి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తే, మోకాలి చుట్టూ కండ బలపడాలి, బరువు తగ్గాలి అన్నారు. అంతకు ముందు కేసీ కెనాల్ వైపు నడకకు వెళ్ళేదాన్ని. నడక మంచిదే, నాకు మాత్రం దాంతో తొడల్లో బలం రాలేదు. ఇక్కడ ఆడవాళ్ళ బ్యాచ్‌కు ఒక ట్రైనర్ అమ్మాయి ఉంది. మొదటి నెలంతా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనేది, అంతే. తర్వాత ఖాళీ రాడ్డు భుజాల మీద పెట్టింది. ఆడవాళ్ళ కోసం ఉండే 15 కిలోల సన్న రాడ్డు అది. మామూలు రాడ్డు 20 కిలోలు ఉంటుంది. మడమలు నేలకు ఆనించు, మోకాళ్ళు లోపలికి వాలనీయకు, రొమ్ము పైకెత్తు అంటూ ప్రతిసారీ అవే మూడు మాటలు. విసుగు లేకుండా చెప్పేది. ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం పెట్టించింది. ఏ తేదీన ఏ కసరత్తు, ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు అని మనమే రాసుకోవాలి. నా దృష్టిలో ఆ జిమ్‌లో ఉన్న వస్తువులన్నింటిలోకీ విలువైనది ఆ నోటు పుస్తకమే. ధర ఇరవై రూపాయలు.

ఇప్పుడు అసలు గొడవ.

ఆ చీటీని నెలకోసారి తీస్తారు. నాకు మామూలుగా ఉదయం బ్యాచ్‌లో, కసరత్తుకు ముందు తీసేవాళ్ళు. అంకెలు మెల్లగా తగ్గుతుండేవి, నేనూ పట్టించుకోలేదు. మే నెలలో బడికి సెలవులు. బంధువుల పెళ్ళికి ఆదోని వెళ్ళి, మధ్యాహ్నం ఎండలో బస్సులో తిరిగి వచ్చాను. ఆ నెల మన ఊళ్ళో ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు. దారిలో సరిగా నీళ్ళు తాగలేదు. ఇంటికి రాగానే చెంబెడు మజ్జిగ తాగి, ఉదయం బ్యాచ్ పోయిందని సాయంత్రం జిమ్‌కు వెళ్ళాను. కసరత్తు అయిపోయాక, చెమట ఇంకా ఆరకముందే, మేనేజరు పిలిచి యంత్రం ఎక్కించాడు.

చీటీలో రెండు కిలోల కండ పోయింది. రెండు కిలోల కొవ్వు పెరిగింది. మొత్తం బరువులో మార్పు లేదు. ఎర్ర బాణాలు కిందికీ పైకీ చూపిస్తున్నాయి. శరీర వయసు మళ్ళీ మొదటికి వచ్చింది.

మేనేజరు ముఖం చాలా గంభీరంగా పెట్టాడు. "కండ కరిగిపోతోంది మేడమ్. ఇలాగే వదిలేస్తే కష్టం. పర్సనల్ ట్రైనింగ్ మూడు నెలలు పెట్టుకోండి, దాంతోపాటు ప్రొటీన్ డబ్బా ఒకటి తీసుకోండి" అన్నాడు. ధరల పట్టిక డ్రాయరులో సిద్ధంగా ఉంది. నా నెల జీతంలో మంచి ముక్కే అది. వెనక ఇంకో ఇద్దరు తమ చీటీల కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే "కొవ్వు ముప్పై ఎనిమిది శాతం" అని పైకి చదవడం ఒకటి.

ఆ రాత్రి నోటు పుస్తకం తీసి చూశాను. ఏప్రిల్ మొదట్లో 30 కిలోలతో కూర్చుని లేస్తున్నాను. మే మధ్యకు 37.5 కిలోలు, అదీ పది పదిసార్లు, మూడు సెట్లు. రెండు కిలోల కండ పోయినదాన్ని అంత బరువు ఎక్కువ ఎలా ఎత్తుతున్నాను? కొవ్వు సంగతీ అంతే. ఒక కిలో కొవ్వు పెరగాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా పడాలి. రెండు కిలోలంటే నెల పొడుగునా రోజూ ఐదు వందల చొప్పున ఎక్కువ తినాలి. పెళ్ళిలో రెండు ఓళిగలు నెయ్యి వేసుకుని తిన్నమాట నిజమే, కానీ నెలంతా ఓళిగలు తినలేదు.

నేను పదో తరగతికి విద్యుత్ పాఠం చెప్పేదాన్ని. ఆ యంత్రం కొవ్వును చూడదు, కండనూ చూడదు. ఒంట్లోకి చాలా చిన్న విద్యుత్ ప్రవాహాన్ని, మనకు తెలియనంత తక్కువగా పంపి, నిరోధం ఎంతో కొలుస్తుంది. నీరు, లవణాలు ఉన్న కండ గుండా ప్రవాహం సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ నిరోధం నుంచి ఒంట్లో నీరు ఎంతో అంచనా వేస్తుంది. కొవ్వు కాని శరీరంలో సుమారు 73 శాతం నీరే ఉంటుంది కాబట్టి, నీటి అంచనా నుంచి కండను, మిగిలినదాన్ని కొవ్వుగా లెక్క కడుతుంది. అంటే కొవ్వు అంకె కొలత కాదు, తీసివేతలో మిగిలిన శేషం. ఎండలో నీరు పోగొట్టుకుని వెళ్తే నిరోధం పెరుగుతుంది. నీరు తగ్గినది కాస్తా చీటీలో కండ తగ్గినట్టు అచ్చవుతుంది.

ఇంకో సంగతి. నిరోధం పొడవుకు అనులోమంగా, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమంగా ఉంటుందని పిల్లలచేత వల్లె వేయిస్తాం కదా. చేతులూ కాళ్ళూ పొడుగ్గా సన్నగా ఉంటాయి, మొండెం పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. శరీర బరువులో సగానికి దగ్గరగా మొండెంలోనే ఉన్నా, మొత్తం నిరోధంలో దాని వాటా పదో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. మనవాళ్ళకు కొవ్వు చేరేదేమో పొట్ట దగ్గర. అంటే మనం ఏది తెలుసుకోవాలని యంత్రం ఎక్కుతామో, దాని దగ్గరే అది అందరికంటే బలహీనమైన విద్యార్థి.

ఊరుకోలేకపోయాను. జూన్‌లో ఒక ఉదయం ట్రైనర్ అమ్మాయిని బతిమాలి, ఖాళీ కడుపుతో యంత్రం ఎక్కాను. బరువు 72.4, కొవ్వు 27.1 కిలోలు. దిగి, లీటరు సీసా నీళ్ళు మొత్తం అక్కడే నిలబడి తాగాను. సులువేమీ కాదు, చివరి గుక్కలు గొంతు దిగనన్నాయి. వెంటనే మళ్ళీ ఎక్కాను. బరువు 73.4, కొవ్వు 28.0. లీటరు మంచినీళ్ళు పదే నిమిషాల్లో దాదాపు కిలో కొవ్వు అయిపోయాయి! కడుపులో ఉన్న నీరు చేతులూ కాళ్ళ గుండా పోయే ప్రవాహానికి ఇంకా అందలేదు, తూకానికి మాత్రం అందింది. తీసివేతలో శేషం పెరిగింది. ఆ తర్వాత వయసు పదేళ్ళు ఎక్కువ వేయమన్నాను. అదే ఒళ్ళు, అదే నిమిషం, కొవ్వు శాతం ఇంకా పైకి వెళ్ళింది. వయసునుబట్టి సగటు మనిషికి ఇంత కొవ్వు ఉంటుందనే ముందస్తు అంచనా యంత్రం లెక్క కట్టే సూత్రంలోనే ఉందన్నమాట.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి మేనేజరుకు చూపించాను. "టెక్నాలజీ మేడమ్, అటూ ఇటూ ఉంటుంది" అన్నాడు. అటూ ఇటూ ఉండే అంకెను పట్టుకుని మే నెలలో నాకు డబ్బా అమ్మబోయినది ఎవరు? ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళూ గర్భిణులూ ఇటువంటి యంత్రాలు ఎక్కకూడదని చెబుతారు. ఇన్నాళ్ళలో మా బ్యాచ్‌లో ఒక్కరినైనా ఆ ప్రశ్న అడగగా నేను వినలేదు.

యంత్రం మోసం అనడం లేదు. ఇదే పద్ధతిని డయాలసిస్ రోగుల ఒంట్లో నీరు ఎంత చేరిందో చూడటానికి ఆసుపత్రుల్లో వాడతారు. నీరే దాని అసలు సబ్జెక్టు. ఎక్కక తప్పదంటే ఉదయం పరగడుపున, బాత్రూముకు వెళ్ళి వచ్చాక, కసరత్తుకు ముందు ఎక్కండి. నెలసరి దగ్గర పడిన రోజుల్లో ఒంట్లో నీరు నిలుస్తుంది కాబట్టి ఆడవాళ్ళు ఆ రోజులు వదిలేయండి. అప్పుడు కూడా ఒక్క చీటీని చూడకండి, మూడు నాలుగు నెలల చీటీలు వరుసగా పెట్టి ఎటు పోతున్నాయో చూడండి.

నేను నమ్ముతున్నది టేపును. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆపా దగ్గరి పాత టేపు, అంచుల్లో అంకెలు అరిగిపోయినది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టి చూడాలి. చేరినప్పుడు 99 సెంటీమీటర్లు, ఇప్పుడు 88. భారతీయ ఆడవాళ్ళకు 80 దాటకూడదంటారు, మగవాళ్ళకు 90. కాబట్టి నా ప్రయాణం ఇంకా ఉంది. "అమ్మా, ఇంకోసారి పక్కకుట్లు వేస్తే చంకల దగ్గర పట్టేస్తుంది, కొత్తవి కుట్టించుకో" అని ఆపా అన్న రోజు కలిగిన సంతోషం ఏ చీటీ ఇవ్వలేదు. బరువు 79 నుంచి 71కి వచ్చింది. యంత్రం లెక్కలో నా శరీర వయసు ఇంకా నాకంటే పెద్దదే.

ప్రొటీన్ డబ్బా కొనలేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, అంటే నాకు అరవైకి కొంచెం తక్కువ. కసరత్తు చేసేవాళ్ళకు ఇంకా ఎక్కువ కావాలంటారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు వస్తాయి. రెండు మూడు గుడ్లు, ఉడికించిన శనగలు, గట్టిపప్పు, పెరుగు, వారంలో రెండుసార్లు సోయా ముక్కల కూర. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెలు. ఆదివారం ఉగ్గాణి, బజ్జీ మానలేదు, మానను కూడా. మాంసం, గుడ్డు ముట్టని ఇంట్లో ఈ లెక్క ఇంత సులువుగా కుదరదు, వాళ్ళకు డబ్బాతో పని పడితే పడవచ్చు.

ట్రైనర్ అమ్మాయిని మెచ్చుకున్నాను కదా, అది ఉదయం ఐదున్నర బ్యాచ్ మాటే. జనవరిలో కొత్తవాళ్ళు గుంపుగా చేరినప్పుడు అందరికీ ఆ అమ్మాయి ఒక్కతే అయిపోయింది. రాడ్డు మోసేవాళ్ళను వదిలి, యంత్రాల దగ్గర మీటలు నొక్కడం నేర్పడంతోనే సరిపోయేది. సంక్రాంతి దాటాక సగం మంది తగ్గారు, మళ్ళీ పాత శ్రద్ధ వచ్చింది. సాయంత్రం బ్యాచ్‌లో పాటల మోతకు పక్కవాళ్ళ మాట వినబడదు, చెప్పేవాళ్ళూ తక్కువే. ఏసీ గురించి అడిగేవాళ్ళకు: జనం నిండాకే వేస్తారు.

ఇంతకీ చేరవచ్చా అంటే, నాకు ఇల్లు ఐదు నిమిషాల దూరం, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తెల్లవారుజామున వంటింటి బాధ్యత సగం మా ఆయన తీసుకున్నారు. థైరాయిడ్ మాత్ర వేసుకుని జిమ్‌కు వెళ్ళి వచ్చేసరికి టిఫిను వేళ అవుతుంది. ఈ వీలు లేనివాళ్ళకు, చంటిపిల్లలు ఉన్నవాళ్ళకు, సాయంత్రం మాత్రమే కుదిరేవాళ్ళకు ఇదే జిమ్ ఇలాగే ఉపయోగపడుతుందని చెప్పలేను. చేరితే నోటు పుస్తకం అడిగి తీసుకోండి, చీటీ అంకెను పట్టుకుని అమ్మజూపేది ఏదీ ఆ రోజే కొనకండి.

నేను మళ్ళీ కట్టాను, ఈసారి ఆరు నెలలకే. దానికి కారణం యంత్రం కాదు. బదిలీల కౌన్సెలింగ్ వస్తుందంటున్నారు. ఎమ్మిగనూరో పత్తికొండో పడితే ఏడాది డబ్బు వెనక్కి ఇవ్వరు, అడిగి చూశాను.