ఎలుకల జాడ తీసే మెరుపు పొడి: పొడి బాగుంది, టార్చ్ మార్చుకోండి

ఎలుకలు రాత్రిళ్లు ఎటు తిరిగాయో కనిపెట్టడానికి అమ్మే ఈ కిట్‌లో నాలుగు రంగుల ఫ్లోరసెంట్ పొడి (యూవీ వెలుగు పడితే మెరిసేది), ఒక యూవీ (అతినీలలోహిత) టార్చ్, ఒక కుంచె ఉన్నాయి. 1985లో జంతు పరిశోధకులు లెమెన్, ఫ్రీమన్ వివరించిన పద్ధతే ఇది. బోనులో పడ్డ ఎలుక ఒంటికి పొడి రాసి వదిలితే, తిరిగిన దారంతా కొద్దికొద్దిగా రాలుతుంది. మర్నాటి రాత్రి యూవీ వెలుగులో ఆ దారి మెరుస్తుంది.

పొడికి వంక పెట్టలేం. మెత్తగా ఉంది, వెంట్రుకలను బాగా పట్టుకుంటోంది. మెడకు కట్టి సిగ్నల్‌తో జాడ తీసే రేడియో కాలర్, ఎలుక ఎక్కడుందో చెబుతుంది గానీ, ఏ దుంగ కింద దూరిందో, ఏ కాడ ఎక్కిందో చెప్పదు. ఈ పొడి చెబుతుంది: గడ్డి కాడ మీద జానెడు ఎత్తున రెండు చుక్కలు, పక్కనే దుంగ అంచుకు పొట్ట ఒరుసుకున్న గీత. ఏ వేళప్పుడు వెళ్లిందో మాత్రం తెలియదు. గట్టి వాన పడితే ఆ రాత్రి పని వదులుకోవాల్సిందే.

టార్చ్ దండగ. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది ఇచ్చారు. దాని ఊదా వెలుగులో సన్న చుక్కలు మునిగిపోతాయి. 365 నానోమీటర్లది, నల్ల ఫిల్టర్ గాజున్నది విడిగా కొనండి. యూవీని ఆపే కళ్లద్దాలు కూడా కావాలి. రంగుల్లో నారింజ, గులాబీ పనికొస్తాయి. నీలం పొడి తీస్తే ఎలుక మూత్రమూ, నూలు పోగులూ అదే రంగులో మెరిసి తికమక పెడతాయి. ఆకుపచ్చ పొడి అనుకుని దగ్గరికెళ్తే తేలు కావచ్చు, జాగ్రత్త!

పొడి అంటడానికి ఎలుకను పొడి ఉన్న సంచిలో వేసి కుదపమని కిట్‌తో వచ్చిన కాగితంలో రాశారు. అలా చేయకండి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల బయటే ఉంచి పొట్టకూ తొడలకూ కుంచెతో అద్దండి. అర చెంచా చాలు. మీరూ మాస్క్ పెట్టుకోండి. పట్టిన చోటే వదలండి. మొదటి పది మీటర్లు లెక్కలోంచి తీసేయండి. అది బెదిరి కలుగులోకి పెట్టిన పరుగే తప్ప రోజూ తిరిగే దారి కాదు.

'ఏది దేన్ని కలిసిందో తెలుస్తుంది' అని డబ్బా మీద ఉంది. అందులో సగమే నిజం. ఒక్కో ఎలుకకు ఒక్కో రంగు రాసి, తర్వాత పట్టిన వాటి ఒళ్లు టార్చ్‌తో వెతకాలి. మూతి మీద, పక్కల మీద వేరే రంగుంటే ఒకదాన్నొకటి తాకాయనుకోవచ్చు. పాదాలకే ఉంటే ఆ దారిన నడిచిందేమో, అంతే. ఒకే కలుగులో వేర్వేరు వేళల్లో పడుకున్నా ఒంటికి అంటుతుంది, కాబట్టి స్నేహాల పట్టిక గీసే ముందు ఆలోచించండి.

లేని కలయికలు కనబడటానికి ముఖ్య కారణం మురికి బోనే. ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి, చీకట్లో టార్చ్ వేసి చూశాకే మళ్లీ పెట్టండి. చేతి తొడుగులు ఎలుకెలుకకూ మార్చాలి. డబ్బా మూతలు వదులుగా ఉన్నాయి. ఏ రంగుకు ఆ రంగు వేరే జిప్ కవర్లో పెట్టకపోతే సంచిలోనే కలిసిపోతాయి.

పొడికి ఐదుకు నాలుగు, టార్చ్‌కు ఒకటి. నారింజ, గులాబీ డబ్బాలు విడిగా దొరికితే కిట్ కొనక్కర్లేదు.