‘మోసగాళ్లకు మోసగాడు’ తరువాత చూడవలసిన వెస్టర్న్ చిత్రాలు

గుంటూరు, కృష్ణా జిల్లాల సినిమా అభిమానులకు కౌబాయ్ అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది తెనాలి పక్కనున్న బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ గారే. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో, రాజస్థాన్ ఎడారుల్లో చిత్రీకరణ జరుపుకొని 1971లో విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ మన భాషలో ఒక కొత్త దారి తెరిచింది. 2023 మే 31న, కృష్ణ గారి పుట్టినరోజున, అది మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు చూసిన యువకులు చాలామంది దీనికి స్ఫూర్తినిచ్చిన విదేశీ చిత్రాలేమిటి, వాటిలో ఏది ముందు చూడాలి, ఏది వదిలేసినా నష్టం లేదు అని అడుగుతున్నారు. విజయవాడ, గుంటూరులలో ఉన్న తోటి అభిమానుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వెస్టర్న్ చిత్రాలలో, అంటే అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ కథలలో, గొప్పవాటిని గొప్పవిగా నిలబెట్టేది తుపాకీ పేలడం కాదు, అది పేలేవరకూ సాగే నిరీక్షణ. ఈ సంగతి తెలియకుండా కాల్పుల కోసమే కూర్చున్నవారికి ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే సినిమాలు నత్తనడకగా కనిపిస్తాయి. తెలిసి కూర్చున్నవారికి మూడు గంటలు ఎలా గడిచాయో తెలియదు. అందుకే ఇటలీ దర్శకులు తీసిన స్పఘెట్టీ వెస్టర్న్‌ల జోలికి వెళ్లేముందు రెండు పాత అమెరికన్ చిత్రాలు తప్పనిసరిగా చూడాలని నా సిఫారసు.

మొదటిది ఫ్రెడ్ జిన్నెమన్ 1952లో తీసిన నలుపు తెలుపుల చిత్రం ‘హై నూన్’. నిడివి గంటన్నర కూడా లేదు. కథ జరిగే కాలమూ దాదాపు అంతే. అప్పుడే పెళ్లి చేసుకుని ఉద్యోగం వదిలి వెళ్లబోతున్న మార్షల్‌కు, అంటే ఊరి శాంతిభద్రతలు చూసే అధికారికి, తాను ఒకప్పుడు జైలుకు పంపించిన హంతకుడు మధ్యాహ్నం రైలులో ఊరికి వస్తున్నాడన్న కబురు అందుతుంది. ఆ హంతకుడి మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషనులో కాచుకుని ఉంటారు. మార్షల్ ఇంటింటికీ, చర్చికీ వెళ్లి సాయం అడిగితే, ఇన్నాళ్లూ అతని వల్ల నిశ్చింతగా బతికిన ఊరివాళ్లే ఒక్కొక్కరుగా ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటారు. తెరమీద గడియారాలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. గ్యారీ కూపర్ ముఖంలో వీరుడి ధీమాకు బదులు భయం, అలసట కనిపిస్తాయి, అయినా కాళ్లు మాత్రం వెనక్కి పడవు. ఆ నటనకే ఆయనకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. ఈ కథ నచ్చని హోవర్డ్ హాక్స్, నిజమైన షెరీఫ్ ఊరందరినీ బతిమాలుకుంటూ తిరగడని, దానికి జవాబుగా 1959లో ‘రియో బ్రావో’ తీశాడు. అదీ హాయిగా చూడదగ్గ చిత్రమే, కానీ రెండింటిలో ఒకటే చూడగలిగితే ‘హై నూన్’ చూడండి.

రెండవది జాన్ ఫోర్డ్ 1956లో తీసిన ‘ద సెర్చర్స్’. ఎర్రటి రాతి కొండలు నిటారుగా నిలిచిన మాన్యుమెంట్ వ్యాలీని 1939లో ‘స్టేజ్‌కోచ్’తో వెస్టర్న్ సినిమాకు సొంతం చేసినవాడు ఫోర్డే, ఈ చిత్రంలో ఆ ప్రదేశం రంగుల్లో, విశాలమైన చట్రంలో కనిపిస్తుంది. అమెరికా మూలవాసి తెగ అయిన కొమాంచీలు ఎత్తుకుపోయిన అన్న కూతురి కోసం ఏళ్ల తరబడి వెతికే మనిషిగా జాన్ వేన్ నటించాడు. అతను వెతుకుతున్నది ఆ పిల్లను కాపాడడానికా, చంపడానికా అన్న అనుమానం కథ నడిచేకొద్దీ పెరుగుతుంది. ద్వేషంతో నిండిన ఇలాంటి పాత్రను అప్పటికే ప్రజల ఆరాధ్యుడైన నటుడి చేత చేయించడం చిన్న సాహసం కాదు. అయితే ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ కాలపు హాలీవుడ్ వెస్టర్న్‌లు అమెరికా మూలవాసులను ఎక్కువగా గుర్రాల మీద అరుస్తూ వచ్చే మూకగానే చూపించాయి. ఈ చిత్రం కథానాయకుడి జాతి ద్వేషాన్ని నిలదీస్తూనే, తానూ ఆ చూపు నుంచి పూర్తిగా బయటపడలేకపోయింది. ఈ ఎరుకతో చూడాలి.

ఈ రెండూ చూశాక లియోనే దగ్గరకు రండి. 1964 నాటి ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ కథనే అనుమతి లేకుండా వాడుకుంది. వ్యవహారం న్యాయపోరాటానికి దారితీసి, చివరకు వసూళ్లలో వాటా ఇచ్చి రాజీ చేసుకోవలసి వచ్చింది. అప్పటికి టెలివిజన్ ధారావాహికలో నటిస్తున్న క్లింట్ ఈస్ట్‌వుడ్ పొంచో (తల దూర్చి వేసుకునే దుప్పటిలాంటి వస్త్రం) కప్పుకుని, చుట్ట నోట పెట్టుకుని, నాలుగు మాటలకు ఒక చూపుతో సరిపెట్టే కొత్త రకం నాయకుడిగా అవతరించింది ఇందులోనే. ఆ చారిత్రక ప్రాధాన్యం పక్కన పెడితే, లియోనే ఈస్ట్‌వుడ్‌తో తీసిన మూడు ‘డాలర్’ చిత్రాలలో ఇదే కొంచెం పలుచన. మరుసటి ఏడాది వచ్చిన ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ దీనికన్నా అన్ని విధాలా మెరుగు. లీ వాన్ క్లీఫ్ పోషించిన కల్నల్ మోర్టిమర్ పాత్ర, జేబు గడియారం నుంచి వినిపించే సన్నని సంగీతం, ఆ సంగీతం ఆగేవరకూ ఎవరూ కాల్చకూడదన్న ప్రతినాయకుడి పంతం, వీటన్నిటినీ కలిపి నిరీక్షణను కథలోనే ఒక నియమంగా మార్చాడు లియోనే. ఆ గడియారం వెనకనున్న దుఃఖం తెలిసిన తరువాత రెండవసారి చూస్తే సినిమా ఇంకా బరువుగా అనిపిస్తుంది.

ఈ మూడింటిలో చివరిదిగా 1966లో వచ్చిన ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ గురించి వినని సినిమా అభిమాని ఉండడు. ‘మోసగాళ్లకు మోసగాడు’లో నాగభూషణం గారి నక్కజిత్తుల నాగన్నను చూసి ఆనందించినవారికి ఇందులో ఈలై వాలాక్ చేసిన టుకో ఏమాత్రం కొత్తవాడిలా అనిపించడు. దొంగ, వాగుడుకాయ, నమ్మకద్రోహి అయిన ఆ టుకోయే ముగ్గురిలోనూ మనకు అందరికన్నా దగ్గరవుతాడు. సన్యాసి అయిన అన్నను కలుసుకునే ఘట్టంలో అతని గతం నాలుగు మాటల్లో బయటపడినప్పుడు, లియోనేకు మనుషుల మీద ఎంత ప్రేమ ఉందో తెలుస్తుంది. అమెరికా అంతర్యుద్ధం మధ్య రెండు లక్షల డాలర్ల బంగారం కోసం సాగే ఈ వేట చివరకు ఒక శ్మశానం చేరుతుంది. స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో స్పానిష్ సైనికుల చేత వేల సమాధుల దిబ్బలతో కట్టించిన సెట్ అది. దశాబ్దాల పాటు గడ్డి మొలిచి మూసుకుపోయిన ఆ చోటును అభిమానులే తవ్వి మళ్లీ బయటకు తెచ్చారంటే ఈ సినిమా వాళ్లను ఎంతగా పట్టుకుందో ఊహించవచ్చు. టుకో ఆ సమాధుల మధ్య పిచ్చివాడిలా పరుగెత్తేటప్పుడు ఎన్నియో మోరికోనే సంగీతం పరుగును మించి పైకి లేస్తుంది. ఆ తరువాత ముగ్గురూ ఎదురెదురుగా నిలబడే చోట కళ్లు, వేళ్లు, తుపాకీ పిడులు తప్ప మరేమీ కనిపించదు. నిమిషాలు గడుస్తాయి, ఎవరూ కదలరు, మనం మాత్రం కుర్చీ అంచుకు వచ్చేస్తాం.

ఇక నేను అన్నిటికన్నా మిన్నగా భావించేది, కొత్తవారు తొందరపడి ముందే చూసి నిరాశపడేది కూడా, 1968 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’. మొదట్లో ముగ్గురు మనుషులు ఒక పాడుబడ్డ రైలు స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తుంటారు. ఒకడి టోపీ మీద నీటి చుక్కలు పడుతుంటాయి, మరొకడు ముఖం మీద వాలిన ఈగతో ఆడుకుంటాడు, గాలిమర కిర్రుమంటూ ఉంటుంది. మాటలు లేవు, సంగీతమూ లేదు. ‘హై నూన్’ స్టేషనులో కాచుకున్న ముగ్గురిని చూసి వచ్చినవారికి లియోనే ఎవరితో మాట్లాడుతున్నాడో వెంటనే అర్థమవుతుంది: అక్కడ కథకు అంచున ఉన్న నిరీక్షణను ఇక్కడ నడిమధ్యకు తెచ్చి కూర్చోబెట్టాడు. కాసేపటికి ఒంటరి ఇంటి దగ్గర విందుకు ఏర్పాట్లు జరుగుతుండగా పొలంలో కీచురాళ్లు ఒక్కసారిగా మౌనం వహిస్తాయి. ‘ద సెర్చర్స్’లో దాడికి ముందు ఆ కుటుంబాన్ని కమ్ముకున్న భయం ఇక్కడ మళ్లీ తగులుతుంది. ఆ రెండు పాత చిత్రాలను ముందు చూడమని పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఆ ఇంటిమీద పడ్డ హంతకుడి ముఖం తెరమీద తొలిసారి కనిపించినప్పుడు అమెరికన్ ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారట, ఎందుకంటే అతను హెన్రీ ఫోండా. ఫోర్డ్ చిత్రాలలో యువ లింకన్‌గా, న్యాయం నిలబెట్టే వ్యాట్ ఎర్ప్‌గా కనిపించిన మనిషి. ఫోండా దుష్టపాత్ర కదా అని గోధుమరంగు కటకాలు, మీసం పెట్టుకుని వస్తే, లియోనే అవి తీయించేశాడు. ఆయనకు కావలసింది అందరూ నమ్మిన ఆ నీలి కళ్లే. మోరికోనే బాణీలను ముందే కట్టించి, చిత్రీకరణ సమయంలో వినిపిస్తూ నటుల నడకనూ కెమెరా కదలికనూ వాటికి అనుగుణంగా మలిచారు. క్లాడియా కార్డినాలే రైలు దిగి, తనకోసం ఎవరూ రాలేదని గ్రహించి, స్టేషను గదిలోంచి బయటికి నడిచినప్పుడు కెమెరా కప్పుమీదుగా పైకి లేచి కొత్తగా పుడుతున్న పట్నాన్ని చూపించే ఆ షాట్‌లో సంగీతమూ చిత్రమూ ఒకే ఊపిరిగా కదులుతాయి. చార్లెస్ బ్రాన్సన్ వాయించే నోటి వాద్యం (హార్మోనికా) ఎందుకు అంత వికృతంగా ఏడుస్తుందో చివరి ద్వంద్వంలో గానీ తెలియదు. నేను ఇక్కడ చెప్పను.

లియోనేతోనే ఆగిపోకుండా సెర్జియో కొర్బుచీ తీసినవి కూడా చూడాలి. బురదలో శవపేటికను ఈడ్చుకుంటూ వచ్చే ఫ్రాంకో నీరోతో మొదలయ్యే ‘జాంగో’ ఎక్కువమందికి తెలుసు. హింస మోతాదు మించినది, పిల్లలతో చూడకండి. నా ఓటు మాత్రం అదే దర్శకుడి ‘ద గ్రేట్ సైలెన్స్’కు. ఎండకు, దుమ్ముకు అలవాటైన వెస్టర్న్ ఇందులో పూర్తిగా మంచులో కూరుకుపోతుంది, నాయకుడు మూగవాడు, ముగింపు ఏ వెస్టర్న్ ప్రేక్షకుడూ సిద్ధంగా ఉండనిది. మనసు బాగాలేని రోజున దీన్ని పెట్టుకోవద్దు. నవ్వుకోవాలంటే టెరెన్స్ హిల్, బడ్ స్పెన్సర్ జంట నటించిన ట్రినిటీ చిత్రాలున్నాయి, ఒకటి చూస్తే చాలు. మన దేశంలో విపరీతంగా ఆడిన ‘మెకన్నాస్ గోల్డ్’ను నిధి కథగా చూడవచ్చు గానీ, పైన చెప్పినవాటి సరసన నిలబడదు.

చూసే పద్ధతి గురించి రెండు మాటలు. స్పఘెట్టీ వెస్టర్న్‌లలో నటులు తలా ఒక భాష మాట్లాడేవారు, మాటలన్నీ తరువాత డబ్బింగ్‌లో చేర్చేవారు. పెదవులు కలవడం లేదని చిరాకు పడితే మొదటి అరగంటలోనే మనసు విరుగుతుంది, ఇంగ్లీషు ఉపశీర్షికలు పెట్టుకుని చూస్తే అలవాటవుతుంది. లియోనే వాడిన టెక్నిస్కోప్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు మామూలుగా పట్టే ఫిల్ములో సగమే ఖర్చవుతుంది, కనుక కాస్త గరుకుదనం సహజం, అది ప్రింటు లోపం కాదు. కానీ నిలువుగా, అడ్డంగా కత్తిరించిన ప్రతులు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి, వాటిని మాత్రం ముట్టకండి. వెడల్పు తగ్గితే ముగ్గురి ద్వంద్వంలో ఇద్దరే మిగులుతారు. నిడివి కూడా సరిచూసుకోవాలి. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ను అమెరికాలో విడుదలైనప్పుడు కత్తిరించారు, కాబట్టి సుమారు 165 నిమిషాలున్న ప్రతినే ఎంచుకోండి. ఫోనులో చూడవద్దు. ఇంట్లో ఉన్నదాంట్లో పెద్ద తెరమీద, రాత్రి వీధి సద్దుమణిగాక, ఆ గాలిమర కిర్రు వినబడేంత ధ్వనితో చూడండి.

ఇవన్నీ అయ్యాక, ఈస్ట్‌వుడ్ స్వయంగా దర్శకత్వం వహించి నటించిన 1992 నాటి ‘అన్‌ఫర్‌గివెన్’ చూడండి. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు అందుకున్న ఆ సినిమాను ఆయన తన ఇద్దరు గురువులకు, సెర్జియో లియోనేకు, డాన్ సీగెల్‌కు అంకితమిచ్చాడు. ముందు చెప్పిన చిత్రాలు చూడకుండా దీన్ని చూస్తే మంచి సినిమాగానే కనిపిస్తుంది. చూసి వస్తే, ఒకప్పుడు అలవోకగా తుపాకీ తీసిన ఆ మనిషి ఇప్పుడు గుర్రం ఎక్కడానికే ఎందుకు తడబడుతున్నాడో, ఒక్క మనిషిని చంపడం ఎంత భారమో అర్థమవుతుంది.