బాంజో, అప్‌రైట్ బేస్, ఇంకేం లేవు: నాలుగేళ్ల తర్వాత

నాలుగేళ్లుగా నేనూ నా స్నేహితుడూ ఈ రెండు వాద్యాలతోనే వాయిస్తున్నాం. నాది అయిదు తీగల బాంజో, వాడిది అప్‌రైట్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు లాంటిది. గిటార్ లేదు, పాడేవాళ్లు లేరు. మొదట్లో మధ్యలో ఏదో బోసిగా అనిపించేది. వాడి కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, నా పొట్టి అయిదో తీగ 392 దగ్గర కీచుమంటుంది, గిటార్ ఉంటే కార్డ్స్‌తో (కలిపి మోగించే స్వరాల గుత్తులతో) నింపే చోటంతా ఖాళీ. దాన్ని నింపాలని రోల్స్ (వేళ్లు మార్చి మార్చి గబగబా మీటే వరసలు) మీద రోల్స్ కుమ్మేసేవాణ్ని. వింటే తలనొప్పి వచ్చేది.

అసలు గొడవ లయ దగ్గర. బాంజో మీటగానే టక్కున మోగి ఆరిపోతుంది, బేస్ నిదానంగా లేచి చాలాసేపు నిలుస్తుంది, అందుకని ఇద్దరం ఒకేసారి మీటినా బేస్ వెనకబడినట్టే ఉంటుంది. "ఒరేయ్, సాగదీస్తున్నావు" అని ఏడాది పాటు వాణ్ని సతాయించాను. చివరికి మెట్రోనోమ్ (లెక్క తప్పకుండా టక్ టక్ కొట్టేది) పెట్టి రికార్డు చేసి వింటే పరిగెత్తుతున్నది నేనే. (వాడు ఇంకా దెప్పుతూనే ఉన్నాడు.) అన్నట్టు, రికార్డు చేసింది ఫోన్ స్పీకర్‌లో వినకండి, బేస్ సగం మాయమైపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే.

శ్రుతి ఇంకో తంటా. ఓపెన్ జీలో, అంటే ఖాళీ తీగలన్నీ మీటితే జీ కార్డ్ పలికే శ్రుతిలో, నా బీ తీగని ట్యూనర్ చూపించినట్టే పెడితే, వాడు జీ పట్టి నిలబెట్టినప్పుడు అది కాస్త ఎక్కువగా, గుచ్చుకున్నట్టు వినిపిస్తుంది. ఇప్పుడు చెవితోనే ఒక వెంట్రుకవాసి తగ్గిస్తున్నాను. మిగతాది వాడే సర్దుకుంటాడు, బేస్‌కి మెట్లు లేవు కదా. కేపో (తీగల్ని అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) రెండో మెట్టు మీద పెట్టి, అయిదో తీగని కూడా 'ఏ' (A) స్వరం దాకా పెంచి వాయిస్తే వాడికి హాయి, నొక్కకుండానే పలికే 'ఏ' తీగ దొరుకుతుంది. నాలుగో మెట్టుకి వెళ్లి బీ శ్రుతి అంటే మాత్రం మొహం మాడ్చుకుంటాడు. చిన్న గదిలో బాంజో వాణ్ని మింగేస్తుంటే దాని డప్పు చర్మం వెనక పాత టీషర్టు కుక్కాను, ఖర్చు లేకుండా తెగిన సమస్య అదొక్కటే.

ఇన్ని చెప్పినా వదలబుద్ధి కాదు, కారణం విల్లు. బాంజో వాయించే బేలా ఫ్లెక్, బేస్ వాయించే ఎడ్గార్ మేయర్ జోడీని వినే దీన్ని మొదలుపెట్టాం. వాడు విల్లుతో ఒక్క స్వరం లాగి పట్టుకుంటే, పైన నేను చాలా తక్కువ మీటినా నిండుగా ఉంటుంది, ఆ బోసితనం గుర్తుకే రాదు. కాకపోతే అప్పుడు లయంతా నా బొటనవేలి మీదే పడుతుంది, అక్కడ ఇప్పటికీ పదిసార్లలో నాలుగుసార్లు బోల్తా కొడుతున్నాం.