ఎకరం పొలం: అనుమతితో లేఅవుటా, నేరుగా ముక్కలా? ఏది మేలు?

విజయవాడ, గుంటూరు శివార్లలో ఎకరమో రెండెకరాలో ఉన్న ఇళ్లలో తరచూ వచ్చే చర్చే ఇది. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధి కాబట్టి లేఅవుట్ అనుమతి తెచ్చుకుని అమ్మాలా? లేక నడుమ ఇరవై అడుగుల దారి వదిలి ముక్కలు కోసేసి, క్రమబద్ధీకరణ రుసుము సంగతి కొన్నవాళ్లకే వదిలేయాలా?

పైపై లెక్కలో రెండోదే లాభసాటి. ఎకరం అంటే 4,840 గజాలు. అనుమతి కావాలంటే అందులో పది శాతం, అంటే 484 గజాలు, ఖాళీ స్థలంగా ఉచితంగా రాసివ్వాలి. రోడ్లకు 30 శాతం పోయిందనుకుంటే మరో 1,452 గజాలు. చివరికి అమ్ముకునేది 2,904 గజాలే. ఇది చూసే చాలామంది మనసు మార్చుకుంటారు. అయితే గజం ధర రెండుచోట్లా ఒకటే ఉండదు. అనుమతి లేని ప్లాటుకు బ్యాంకు రుణం దొరకడం కష్టం, ఇంటి ప్లాను దగ్గర పేచీ తప్పదు. బేరంలో కొనేవాడు వాటన్నిటినీ తగ్గించే అడుగుతాడు.

నా దృష్టిలో అసలు తేడా సర్వే దగ్గర ఉంది. ముక్కలు కోసేవాళ్లు దస్తావేజులో రాసిన విస్తీర్ణాన్నే నమ్మి టేపు పట్టుకుంటారు. అనుమతికి వెళ్లేవారు అలా చేయలేరు. ఎఫ్‌ఎంబీ, అంటే ప్రభుత్వ సర్వే కొలతల పుస్తకంలోని కొలతలను పొలంలో టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో సరిచూసుకోవాలి. మూల రాళ్లు ఎన్ని మిగిలాయో, పక్క సర్వే నంబరు గట్టు ఎంత లోపలికి జరిగిందో అప్పుడే బయటపడుతుంది. దస్తావేజులో వంద సెంట్లున్న పొలం కొలిస్తే తొంభై ఏడే తేలవచ్చు. ప్లాట్లు అమ్మేశాక తేలితే ఆ మూడు సెంట్ల లోటు ఆఖరి ప్లాటు కొన్నవాడి నెత్తిన పడుతుంది.

ప్లానులో హద్దుల పొడవులు, చుట్టూ ఉన్న సర్వే నంబర్లు, పొలానికి చేరే దారి వెడల్పు, బావులు, పంట కాలువలు, పైన వెళ్లే హైటెన్షన్ తీగలు, నేల వాలు అన్నీ చూపాలి. మాస్టర్ ప్లాన్ రోడ్డు పొలం మీదుగా పోతుందేమో ముందే చూసుకోకపోతే గీసిందంతా మళ్లీ గీయాలి. వాలు సంగతి లాంఛనం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక, నీరు ఎటు పోతుందని కొనేవాడు అడిగితే విసుక్కోకూడదు.

డెవలపర్‌కు వాటాకు ఇవ్వడం మూడో దారి. తిరిగే ఓపిక లేనివారికి అదే నయం, కాకపోతే ఎవరి వాటాకు ఏ ప్లాట్లు వస్తాయో నంబర్లతో సహా ఒప్పందంలో రాయించుకోవాలి.

అమ్మే ఉద్దేశం లేదు, అన్నదమ్ములు పంచుకోవడానికే అంటే ఈ హంగామా అక్కర్లేదు. భాగపరిష్కార దస్తావేజు రాసుకుని రికార్డుల్లో సబ్‌డివిజన్ చేయించుకుంటే సరి. అమ్మకమే అయితే మాత్రం నేను అనుమతి వైపే మొగ్గుతాను. ఖర్చుకు వెనకాడేవారు కనీసం సర్వే వరకైనా చేయించాలి, అదీ పక్క పొలం రైతును పిలిచి, అతని ఎదుటే.