హార్డ్ లెవెల్‌లో కంప్యూటర్ మన ముక్కలు చూసి ఆడుతోంది, ఆ రమ్మీ యాప్‌కి డబ్బు కట్టకండి

ఏ యాప్ గురించి చెబుతున్నానో ఇక్కడ ఆడేవాళ్లలో చాలామందికి తెలుసు. "మా కంప్యూటర్ మీ చేతిలోని ముక్కలు చూడదు" అని కొనే పేజీలోనే రాసుకున్నారు చూడండి, అదే. ఆ వాక్యం నమ్మే ఏడాదికి సరిపడా ప్రీమియం కట్టాను. అది పచ్చి అబద్ధం. చూస్తుందని వాళ్ల సపోర్ట్ వాళ్లే ఒప్పుకున్నారు. జవాబు ఇప్పుడే చదివాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది.

ముక్కలు పడలేదన్న ఏడుపు కాదిది. వరసగా చెత్త ముక్కలు రావడం మామూలే. నిజంగా యాదృచ్ఛికంగా కలిపితే అలాంటి వరసలు మనం అనుకునేదానికంటే ఎక్కువే వస్తాయి. ఓడిన ఆటలే గుర్తుంటాయని నాకూ తెలుసు. అందుకే చాలాకాలం అనుమానం వచ్చినా పక్కన పెట్టాను.

ప్రీమియంలో రీప్లే ఉంది. ఆట అయ్యాక రెండు చేతులూ తెరిచి చూపిస్తుంది. ఒకే పేకతో ఇద్దరి ఆట. నా చేతిలో ఆఠీను ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది. ఏడు పడితే ఐదు ముక్కల సీక్వెన్స్. ఆ ఏడు పంచినప్పటి నుంచీ కంప్యూటర్ దగ్గరే ఉంది. దానికి ఇంకో ఏడు లేదు, పక్క ఆఠీను ముక్కలు లేవు, అది జోకరూ కాదు. మొదటి టర్న్ కంప్యూటర్‌ది. నేనింకా ఒక్క ముక్క తీయలేదు, ఒక్కటీ పారేయలేదు. అప్పుడు అది ఏం చేసింది? కళావరు మూడు, నాలుగు జతగా ఉంటే ఆ జత విరగ్గొట్టి నాలుగుని పారేసింది. ఎందుకూ పనికిరాని, ఓడితే ఎక్కువ పాయింట్లు మీదపడే ఏడుని చివరిదాకా పట్టుకు కూర్చుంది.

ఆట బాగా వచ్చినవాళ్లు మనం పారేసేది, ఎత్తుకునేది చూసి చేతిలో ఏముందో ఊహిస్తారు. అది తెలివి. మొదటి టర్న్‌లో ఊహించడానికి ఏముంది? పాత ఆటల రీప్లేలు కూడా తెరిచాను. మళ్లీ మళ్లీ అదే తీరు.

సపోర్ట్‌కి స్క్రీన్‌షాట్లతో సహా అన్నీ రాసి పంపాను. మర్యాదగానే అడిగాను. ముందు "మా షఫుల్‌కి సర్టిఫికెట్ ఉంది" అని ఒక రెడీమేడ్ జవాబు. నేను అడిగింది షఫుల్ గురించి కాదని మళ్లీ రాస్తే వచ్చిన జవాబు ఇదీ: "హార్డ్ లెవెల్‌లో గట్టి పోటీ కోసం కంప్యూటర్‌కి అన్ని ముక్కలూ తెలుస్తాయి. మీకు కష్టంగా ఉంటే ఈజీ ఆడుకోండి."

ఈజీ ఆడుకోండట! డబ్బు తీసుకుని, చూడదని రాతలో మాటిచ్చి, పట్టుబడ్డాక నాకు ఆట రాదని చెబుతున్నారు. రీఫండ్ అడిగితే ఇప్పటికే వాడేశారు కాబట్టి కుదరదన్నారు. డబ్బు పోయినదానికంటే ఈజీ ఆడుకోమన్న ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"గట్టి పోటీ కోసం" అన్న సాకూ నిలబడదు. 2017లో లిబ్రాటస్, 2019లో ప్లూరిబస్ అనే ప్రోగ్రాములు పోకర్‌లో అగ్రశ్రేణి ప్రొఫెషనల్స్‌ని ఓడించాయి, ఎదుటివాళ్ల ముక్కలు ఒక్కటి కూడా చూడకుండా. అంత పెద్ద స్థాయి అక్కర్లేదు. కనబడని ముక్కలు ఇలా ఉండొచ్చని ఎన్నో రకాలుగా పంచి చూసుకుని, సగటున ఏది పారేస్తే మేలో ఎంచుకునే పద్ధతి బ్రిడ్జ్ అనే పేకాట ప్రోగ్రాముల్లో 1990లలోనే వచ్చింది. ఇలాంటిది రాయాలంటే కష్టపడాలి. మన చేతిలోకి తొంగి చూసే కోడ్‌కి ఏ కష్టమూ అక్కర్లేదు.

ఇక ఆ సర్టిఫికెట్. ముక్కలు సరిగ్గా కలపడం ముఖ్యమే, కాదనను. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ షఫుల్‌ని అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కతో మొదలుపెట్టేది. రోజుకి అవి 8 కోట్ల 64 లక్షలే, అంటే పేక అంతకు మించిన రకాలుగా కలవదు. 52 ముక్కలకి ఉండే వరసల సంఖ్యేమో 68 అంకెలది. పరిశోధకులు ఆ లోపం పట్టుకుని, కనబడే కొన్ని ముక్కలతో మిగతా పేకంతా చెప్పగలమని చూపించారు. కాబట్టి షఫుల్ పరీక్షలు ఉండాల్సిందే. కానీ ఆ పరీక్ష పేక కలపడం వరకే చూస్తుంది. పంచాక కంప్యూటర్ ఎవరి ముక్కలు చూస్తోందో అందులో ఉండదు. ఎంత నిజాయితీగా కలిపినా, ఎదుటివాడు నా చేతిని చూస్తుంటే అది మోసమే. సపోర్ట్ వాళ్లు ఈ రెంటినీ కలిపేసి నోరు మూయిస్తారు, ఒప్పుకోకండి.

కొనేముందు ఒక్కటే అడగండి: "అన్ని లెవెల్స్‌లోనూ కంప్యూటర్‌కి తన ముక్కలు, అందరికీ కనబడే ముక్కలు మాత్రమే తెలుస్తాయా?" జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. రీప్లే లేని యాప్ అయితే అసలు వద్దు. ఇప్పటికే కట్టినవాళ్లు మొదటి టర్న్ రీప్లేలు చూసి, కొనే పేజీ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి. ఆ వాక్యం వాళ్లు ఎప్పుడు తీసేస్తారో తెలియదు.