నాలుగేళ్లు వాడాక వీఆర్ హెడ్‌సెట్: ఆటకు ఫుల్ మార్కులు, డేటా విషయంలో నాకు నమ్మకం పోయింది

నాలుగేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఇది, కళ్లకు పెట్టుకుంటే ఆట లోపలే ఉన్నట్టుంటుంది. కంపెనీ పేరు రాయను, నేను చెప్పేది ఈ తరహా హెడ్‌సెట్లు చాలావాటికి వర్తిస్తుంది కాబట్టి. వస్తువు మంచిదే. బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంది, కంట్రోలర్లు ఒక్కసారి కూడా మొరాయించలేదు, బ్యాటరీ మాత్రం సగానికి పడిపోయింది. పాటకు తగ్గట్టు చేతులు ఊపుతూ ఎదురొచ్చే దిమ్మెలను నరికే బీట్ సేబర్ ఆట అరగంట ఆడితే ఒళ్లంతా చెమట, మనసు తేలిక. దీన్ని మానేయమని ఎవరికీ చెప్పను.

అయితే రెండో ఏడాది ఒకటి జరిగింది. నలుగురూ చేరి మాట్లాడుకునే వీఆర్ గదిలోకి కొత్త పేరుతో, కొత్త అవతార్‌తో (అక్కడ మన బదులు కనిపించే బొమ్మతో) వెళ్లాను, మైక్ కూడా ఆపేశాను. పాత స్నేహితుడు ఒకతను రెండు నిమిషాలు చూసి, "నువ్వే కదా, ఆ తల వంచడం నీదే" అన్నాడు. అప్పుడు సరదాగానే ఉంది. ఇంటికి పక్కనున్న మనిషిని నడకబట్టి గుర్తుపట్టడం మనకు కొత్తేమీ కాదు. కానీ అతను కంటితో చూసి పట్టేసింది, సెకనుకు పదుల సార్లు నా తలనూ రెండు చేతులనూ కొలిచే మెషిన్ పట్టలేదా అన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

పడుతుంది, అది తేలిపోయిన విషయమే. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 511 మందిని పరీక్షించారు. వాళ్లు ఆట కూడా ఆడలేదు, 360 డిగ్రీల వీడియోలు చూసి ప్రశ్నలకు జవాబులిచ్చారంతే. ఐదు నిమిషాలు కూడా లేని కదలికలతో 95 శాతం కచ్చితత్వంతో ఎవరు ఎవరో చెప్పగలిగారు. 2023లో అక్కడి బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఇంకా పెద్దది, అదీ నేనాడే బీట్ సేబర్ మీదే. 55 వేల మందికి పైగా ఆటగాళ్లు, ఒక్కొక్కరివి ఐదు నిమిషాల కదలికలతో ముందు ఒక కంప్యూటర్ మోడల్‌కు నేర్పించి, ఆ తర్వాత 100 సెకన్ల ఆట చూపిస్తే అంతమందిలోంచి మనిషిని 94 శాతం సార్లు సరిగ్గా పట్టేసింది. పది సెకన్లకే 73 శాతం. ఆ రికార్డింగ్‌లు దొంగిలించినవి కావు, స్కోర్ల కోసం ఆటగాళ్లే లీడర్‌బోర్డులకు (ఆన్‌లైన్ స్కోర్ల పట్టికలకు) పంపుకున్నవి. నేనూ రెండేళ్లు పంపాను, వందల పాటలు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. చెయ్యి ఊపే తీరు ఎలా మార్చుకోవాలి?

సరే, సెట్టింగ్స్‌లో ఏదైనా ఉంటుందని వెతికాను. ప్రకటనలకు ఒక స్విచ్ ఉంది, మైక్‌కు ఒకటి, గది స్కాన్‌కు ఒకటి. కదలికలకు మాత్రం లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అవి లేకపోతే ఆటే నడవదు. "అంగీకరిస్తున్నాను" నొక్కడం తప్ప నాకున్న దారి హెడ్‌సెట్ పెట్టెలో పెట్టేయడమే, దాన్ని ఒప్పుకోలు అనడం నాకు న్యాయంగా అనిపించదు. నా డేటా కాపీ ఇమ్మని అడిగితే పదకొండు రోజులకు ఫైలు వచ్చింది: కొన్న ఆటలు, స్నేహితుల జాబితా, లాగిన్ టైములు. కదలికల ఊసే లేదు. దాచలేదా, దాచి ఇవ్వలేదా అని రాస్తే పాలసీలోని పేరాలే తిరిగి అతికించి పంపారు. ఆ రోజు నిజంగా కోపం వచ్చింది.

చట్టంలోనూ ఇక్కడో సందుంది. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, బయోమెట్రిక్ డేటాకు (వేలిముద్రల్లా మనిషిని పట్టిచ్చే ఒంటి వివరాలకు) గట్టి రక్షణ ఇస్తుంది, కానీ అది మనిషిని గుర్తించే ఉద్దేశంతో వాడినప్పుడు. "మేం ఆట నడపడానికే తీసుకుంటున్నాం" అంటే అదే కదలిక మామూలు డేటా అయిపోయే వీలుంది. కాబట్టి ఎందుకు తీసుకున్నారన్నది కాదు, దానితో ఏం చేయొచ్చన్నది చూసి కట్టడి పెట్టాలి. ఖాతాల గొడవ వేరే: 2020లో ఫేస్‌బుక్ కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా ఉండాల్సిందే అన్నారు, అదే డిసెంబర్‌లో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది, 2022కి వేరే ఖాతా వచ్చింది. అడిగే వాళ్లుంటే మారుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

వేరేలా చేయడం కుదరదని ఎవరైనా అంటే నేను నమ్మను. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో, మనం ఎటు చూస్తున్నామో యాప్‌లకు చెప్పదు. వేళ్లు కలిపి నొక్కినప్పుడు ఏది ఎంచుకున్నామో అంతే వెళ్తుంది. చూపును హెడ్‌సెట్ దాటనివ్వకుండా ఆపగలిగినప్పుడు, చేతుల కదలికలు ఆట అయిపోగానే చెరిపేయడం అసాధ్యమేమీ కాదు.

పిల్లలకు ఇచ్చేవాళ్లు మాత్రం డీఫాల్ట్ సెట్టింగ్స్ నమ్మకండి. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ కంపెనీ మీద 2022లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ పిల్లల ప్రైవసీ విషయంలో వేయించిన జరిమానా 27.5 కోట్ల డాలర్లు, పిల్లలకు వాయిస్ చాట్ మొదటి నుంచే ఆన్‌లో ఉండటం ఆ ఫిర్యాదులో ఒక భాగం.

నేను ఇప్పుడేం చేస్తున్నానంటే: రికార్డింగ్‌లు లీడర్‌బోర్డులకు పంపడం ఆపేశాను, స్కోరు నా దగ్గరే ఉంటుంది. గది స్కాన్ అవసరం లేని ఆటలకు ఆ పర్మిషన్ తీసేశాను. కళ్లను ట్రాక్ చేసే కొత్త మోడల్ ఆఫర్‌లో వచ్చినా కొనలేదు. పోయిన వారం డేటా కోసం మళ్లీ రాశాను, ఈసారి తల, చేతుల కదలికల రికార్డులు అని విడిగా పేర్కొని. జవాబు వస్తే ఇక్కడే కింద చేరుస్తాను.